ఇష్టం చీటీ

ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు సింకులోకి వంచేశాక గుర్తొచ్చింది, ఇవాళ వంచక్కర్లేదని. అప్పటికే అది రెండోసారి. మొదటిసారి వంచి, కొత్త నీళ్ళు పోసి, పావుగంట ఆగి, మళ్ళీ వంచాను. నా చేతులు నన్ను అడగలేదు. ఆరేళ్ళుగా ఏం చేస్తున్నాయో అదే చేసుకుపోయాయి. గిన్నె అడుగున ద్రాక్షలు ఉబ్బి, వెలవెలబోయి, జ్వరం పడి లేచిన వాళ్ళలా ఉన్నాయి. తీపంతా పైపులోంచి కిందికి పోయింది, ఎవరికీ కాకుండా. ఒకటి నోట్లో వేసుకుందామని చెయ్యి లేచింది, మళ్ళీ దించేశాను. ఇవాళ్టి వంట నేను రుచి చూడకూడదు. పొట్లంలో ఇంకో గుప్పెడు ఉన్నాయి, నయం. వాటిని ఒక్కసారి కడిగి అలాగే వేస్తాను. వాటి పక్కన ఖర్జూరాలు, ఆప్రికాట్లు, బాదం, జీడిపప్పు, అక్రోటు, ఒక డబ్బాలో పొద్దున్నే నానబోసిన దంపుడు బియ్యం. ఆరేళ్ళుగా ఈ ఇంటి గడప తొక్కనివన్నీ ఇవాళ గట్టు మీద వరసగా కూర్చున్నాయి. కొట్టతను నిన్న పొట్లాలు కడుతూ, "ఏంటి పెద్దమ్మా, ఇంత బలమైన తిండి, ఎవరన్నా పరుగు పందేనికి వెళ్తున్నారా?" అన్నాడు. నవ్వాను. వెళ్తున్నాడు బాబూ అనాలనిపించింది, ముందు గదిలో కూర్చున్నాడు, కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, అయినా వెళ్తానంటున్నాడు.

వాడు నా తమ్ముడు. కిడ్నీలు రెండూ పని మానేసి ఆరేళ్ళు. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు, ఒంట్లో రక్తమంతా మెషిన్‌లోకి వెళ్ళి కడిగించుకుని తిరిగి రావాలి. మిగతా నాలుగు రోజులూ ఆ మెషిన్ పని నేను ఈ వంటింట్లో చేశాను. బంగాళాదుంపని సన్నగా తరిగి, నానబెట్టి, రెండు నీళ్ళు పారబోసి, ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళూ పారబోసి, చివరికి మిగిలిన చప్పటి పిప్పిని వాడికి పెట్టాను. ఆకుకూరలు, అరటిపండ్లు, గింజలు, ఎండిన పండ్లు, పొట్టు తీయని బియ్యం, ఏవేవి ఆరోగ్యమని లోకమంతా తింటుందో అవన్నీ వాడికి విషం. అందులో పొటాషియం ఉంటుంది, గుండెని ఆపేస్తుంది. ఉప్పు డబ్బాని పై అరలో పాత కుక్కరు వెనక్కి తోసేశాను. వాడు తిననిది నేనెలా తింటాను, నేనూ మానేశాను. నీళ్ళు రోజుకి మూడే గ్లాసులు, ఇంత చిన్న గాజు గ్లాసు. దాని మీద ఎర్ర పెయింటుతో గీత గీసింది వాడే. "గీత దాటితే జరిమానా ఎంత, జైలరమ్మా?" అనేవాడు. మామూలుగా వాడికి నేను అక్కని, నీళ్ళ దగ్గర మాత్రం జైలరమ్మని. ఇళ్ళకి రంగులు వేసేవాడు, నలభై ఏళ్ళు అదే పని. ఈ వంటింటి నాలుగు గోడలకీ నాలుగు రంగులు, ఎవరెవరి ఇళ్ళల్లోనో మిగిలిన డబ్బాల అడుగులన్నీ తెచ్చి వేశాడు. పొయ్యి వెనక గోడ ఏదో పిల్లల బడి పసుపు, కిటికీ ఉన్న గోడ ఎవరిదో పడకగది నీలం. సింకు పక్కది ఆకుపచ్చ, అది బ్యాంకు ఆకుపచ్చ అని చెప్పాడు, చెయ్యి వెయ్యకక్కా సంతకం అడుగుతుంది అన్నాడు. తలుపున్న గోడకి మాత్రం రంగు సరిపోలేదు, పైన ఒక జానెడు వదిలేశాడు. రేపు తెచ్చి వేస్తానన్నాడు. ఆ రేపటికి పన్నెండేళ్ళు.

గడియారం పదకొండున్నర కావస్తోంది. ఒంటిగంటకి నర్సమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆలోగా నేను ఒకటి తేల్చుకోవాలి. కానీ ముందు ఉల్లిపాయలు తరగాలి.

శనివారం డాక్టరు వాడి గుండె ఫొటో చూపించి ఏదో చెప్పాడు. మెషిన్ మీద పెట్టినప్పుడల్లా బీపీ పడిపోతోంది, పోయిన నెల రెండుసార్లు తెలివి తప్పాడు, ఇక ముందు ఇంకా కష్టం, ఆపేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం అన్నాడు. వాడు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు పెన్ను అడిగాడు. కాగితం మీద సంతకం పెట్టాడు, గోడ అంచున గీత లాగినట్టు ఒక్క ఊపులో. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "ఇక చాలక్కా," అన్నాడు. అంతే. ఇంకేం వివరం లేదు. ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం, "నువ్వు ఆస్పత్రిలో వండే ఆ గుండె వార్డు అన్నం వండి పెట్టవే, నా నాలుక చచ్చి ఆరేళ్ళయింది, పోయేముందు దాన్ని ఒకసారి పలకరించాలి," అన్నాడు. ఆదివారమంతా పలకలేదు. సాయంత్రం చెప్పులేసుకుని కొట్టుకి వెళ్ళాను. ఇవాళ సోమవారం, మెషిన్ రోజు. పొద్దున ఎనిమిదింటికి లేపితే లేవలేదు. తొమ్మిదింటికి నర్సమ్మాయి నా ఫోనుకి చేసింది. ఆరేళ్ళుగా వాడి చేతికి సూదులు గుచ్చే పిల్ల. గొంతు తగ్గించి మాట్లాడింది. "పెద్దమ్మా, సంతకం పెట్టారని తెలుసు. కానీ ఇలా పెట్టి మళ్ళీ వచ్చినవాళ్ళు ఉన్నారు. ఆయన కుర్చీ ఒంటిగంట దాకా ఆపుతాను. ఆ తర్వాత వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు, ఇక నా చేతిలో లేదు. ఒంటిగంటకి నేనే చేస్తాను, మీరు చూసి చెప్పండి." ఆ మాట నేను వాడికి చెప్పలేదు. ఫోనుని బియ్యం డబ్బా మీద పెట్టి, బియ్యం కడిగాను.

మీరు చూసి చెప్పండి అంది. ఆ పిల్లకి తెలియకుండానే సరైన మాట అంది. నేను చూస్తే చాలు. నేను వాడి ముందు నిలబడి ఏడిస్తే వాడు లేచి చొక్కా వేసుకుంటాడు. రెండేళ్ళ కిందట ఒకసారి ఇలాగే మానేస్తానన్నాడు. అప్పుడు కాలి వేళ్ళు రెండు తీసేశారు, ఆ నొప్పిలో అన్నాడు. నేను గడపలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, ముసలి కుక్కలా ఏడ్చాను. వాడు కాసేపు చూశాడు. "సర్లే, ఏడవకు, ఇంకో కోటు వేద్దాం," అన్నాడు. వెళ్ళాడు. రెండేళ్ళు వెళ్ళాడు. ఆ రెండేళ్ళలో వాడు పడ్డ కండరాల నొప్పులు, వాంతులు, ఆ కుర్చీలో వణుకు, మెషిన్ నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకునే సాయంత్రాలు, అన్నీ నా కన్నీళ్ళతో కొనిపించినవే. నాకు మాత్రం ఏం దక్కింది? ముందు గదిలో దగ్గు వినపడింది. పొద్దున లేవగానే వాడి చెయ్యి పట్టుకుని చూసేదాన్ని, ముంజేతి పైన వాచి మెలితిరిగిన నరం, సూదుల కోసం కుట్టి పెంచిన నరం, వేళ్ళు ఆనిస్తే లోపల ఫ్రిజ్ నడుస్తున్నట్టు గుయ్యిమంటుంది. ఆ గుయ్యిమనడం వింటే నాకు ఆ రోజు గడిచిపోతుంది. అంత దక్కింది.

ఉల్లిపాయలు మూడు. నిలువుగా చీల్చి సన్నగా తరగాలి, ఎర్రగా వేగాలంటే అలాగే. రెండోదానికే కళ్ళు మండి ముక్కు కారడం మొదలుపెట్టింది. ముక్కు ఎగబీల్చాను. ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. నా కత్తి ఆగింది. "అక్కా, ఉల్లిపాయలేనా?" అన్నాడు. "ఉల్లిపాయలేరా, ఏడవడానికి నువ్వేమన్నా ఘనకార్యం చేశావా," అన్నాను. వాడు నవ్వినట్టున్నాడు, దగ్గు వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. ఈ కత్తీ ఈ ఉల్లిపాయలూ పట్టుకుని అలా ముందు గదిలోకి వెళ్ళి నిలబడితే చాలు. ఏడుస్తున్నానని నేను చెప్పక్కర్లేదు, ఏడవడం లేదని నిజమే చెప్పొచ్చు, వాడు నమ్మడు, లేచి చొక్కా అడుగుతాడు. అబద్ధం ఆడకుండానే పని అవుతుంది. ఇంత పాపిష్టి ఆలోచన నాకెలా వచ్చిందో. కత్తి కింద పెట్టి మొహం కడుక్కున్నాను. నూనె వేసి, దాల్చినచెక్క వేసి, ఉల్లిపాయలు వేయించాను. ఇల్లంతా ఆ వాసన. బాదం, జీడిపప్పు, అక్రోటు ముక్కలు విడిగా దోరగా వేయించి పక్కన పెట్టాను, అవి చివర్లో. బియ్యం వంచి నూనెలో తిప్పాను. కొలిచి నీళ్ళు పోశాను. పై అరలోంచి ఉప్పు డబ్బా దింపాను. గడ్డ కట్టింది. స్పూనుతో పొడిచి, గుప్పిట్లోకి తీసుకుని నిలబడ్డాను. ఎంత? ఆరేళ్ళయింది. అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆస్పత్రి వంటగదిలో వండినదాన్ని. నలభై మందికి ఎంతో నా చేతికి గుర్తుంది. ఒక్కడికి ఎంతో గుర్తు లేదు. రుచి చూస్తే తెలుస్తుంది, కానీ చూడకూడదు. కళ్ళు మూసుకుని వేశాను. ఆప్రికాట్లు, ఖర్జూరం ముక్కలు, ద్రాక్షలు వేసి, మంట తగ్గించి, మూత పెట్టాను. పన్నెండూ అయిదు. దంపుడు బియ్యానికి నలభై అయిదు నిమిషాలు పడుతుంది, తొందరపెడితే లోపల పలుకు ఉండిపోతుంది. ఆ పైన మంట ఆపి, పది నిమిషాలు మగ్గనివ్వాలి. మధ్యలో మూత తీయకూడదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. చేయడానికి ఇక ఏమీ లేదు. నాకు అన్నిటికన్నా భయం అదే, చేయడానికి ఏమీ లేకపోవడం.

ఆస్పత్రి పథ్యం వంటగదిలో ప్రతి పళ్ళేనికీ ఒక చీటీ. పసుపుది షుగరు వాళ్ళకి, ఎర్రది కిడ్నీ వాళ్ళకి, నీలంది గుండె వాళ్ళకి, తెల్లది మామూలు. చదువు లేనివాళ్ళం కాబట్టి రంగులు పెట్టారు. ఈ అన్నం నీలం చీటీ వాళ్ళది, వారానికి ఒక్కసారి. మిగిలితే డబ్బాలో పెట్టి తెచ్చేదాన్ని. వాడు పని నుంచి వచ్చి, చేతులకి సున్నం అలాగే ఉండగానే, గేటు దగ్గరే నిలబడి తినేవాడు. "ఈ తిండి కోసమన్నా ఒకసారి గుండెపోటు తెచ్చుకోవాలే," అనేవాడు. పిచ్చిసన్నాసి, గుండెతో ఆగాడా. ఆ వంటగదిలో ఇంకో రకం చీటీ ఉండేది. రంగు ఏదైనా సరే, దాని మీద ఉన్నదంతా అడ్డంగా కొట్టేసి, కింద ఒక ముక్క రాసి ఉండేది. ఐస్ ముక్క. మాడిన రొట్టె అంచు. వేడి పాలలో బెల్లం. అది ఇష్టం చీటీ. పథ్యం ఎత్తేశారంటే ఆశ ఎత్తేశారని. ఇంట్లోవాళ్ళకన్నా ముందు మాకు తెలిసేది. పైన వార్డులో వాళ్ళ పిల్లలు డాక్టరు మంచిమాట చెప్పాడు, ఏదైనా పెట్టొచ్చన్నాడు అని సంతోషపడుతూ ఉండేవాళ్ళు, కింద మా గరిటెలు ఆగిపోయేవి. మా పెద్ద వంటామె, ఆమెని పెద్ద గరిటె అనేవాళ్ళం, చాలా నోటి దురుసు మనిషి, ఆ చీటీ వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించేది. చీటీ ఎవరి చేతికి వస్తే వాళ్ళే మొదటి నుంచి చివరిదాకా వండాలి, ఇంకొకరు గరిటె ముట్టకూడదు. రుచి చూడకూడదు. "ఇది వంటగది సొత్తు కాదే. మొదటి ముద్ద వాళ్ళదే. నీ నాలుకతో వాళ్ళ ఇష్టాన్ని కొలవకు," అనేది. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, నేను చేరేటప్పటికే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తప్పలేదు. ఒక్కసారి తప్పాను, అది వేరే తప్పు. చేరిన మొదటి ఏడాది. ఎర్ర చీటీ వచ్చింది, అడ్డంగా కొట్టేసి ఉంది, కింద ఏదో రాసి ఉంది. నాకు చదవడం రాదు. అడగడానికి సిగ్గు. ఎర్ర రంగే కదా అని చప్పటి జావ పోసి పంపించాను. సాయంత్రం పళ్ళెం వెనక్కి వచ్చింది, జావ మీద మీగడ కట్టి ఉంది, ముట్టలేదు. చీటీ ఇంకా దాని అంచుకి అంటుకునే ఉంది. పెద్ద గరిటె దాన్ని తీసి చదివి నా మొహం చూసింది. పుచ్చకాయ ముక్క అని ఉందట. అది ఎవరో, ఆడో మగో కూడా నాకు తెలియదు. ఎండాకాలం, గేటు బయటే గుట్టలు పోసి అమ్ముతున్నారు. ఆ మర్నాటి నుంచి నేను అక్షరాలు నేర్చుకున్నాను, ఎవరూ నేర్పలేదు, చీటీల మీదే, పొట్లాల కాగితాల మీదే, ఒక్కొక్కటి పట్టుకుని. ఆ పైన చదవడం జబ్బులా పట్టుకుంది. వాడు ఒక లైబ్రరీకి రంగులు వేసినప్పుడు పారేసే పుస్తకాలు సంచిలో తెచ్చాడు, అట్టల మీద క్రీము రంగు చుక్కలతో. చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఎవరో ఒకరు వెళ్ళిపోతూనే ఉంటారు, వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు, ఏదో ఒక మంచిమాట అంటారు. నాకు అలా ఒక్కరూ అనలేదు.

అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు నాకు పదకొండేళ్ళు, వాడికి మూడు. ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టుకుని నడిపిస్తుంటే అమ్మ గడపలో ఆగి, "అన్నం పొయ్యి మీద ఉంది, చూసుకో," అంది. నేను అన్నం వైపు చూశాను. చెప్పిన మాట విన్నాను. మాడకుండా చూశాను, దించాను, వాడికి పెట్టాను, అమ్మకి ఉంచాను, అమ్మ తిరిగి రాలేదు. వెళ్ళేటప్పుడు అమ్మ మొహం చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే గుర్తొచ్చేది ఆ గిన్నె మూత ఎగిరెగిరి పడటమే. ఆ తర్వాత మా ఆయన. తొమ్మిదేళ్ళు కాపురం చేసి ఒకరోజు చిన్న సంచితో, రాత్రి భోజనానికి వస్తానని వెళ్ళాడు. నాలుగు రోజులు పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి పెట్టాను. అయిదో రోజు తమ్ముడు వచ్చి ఆ పళ్ళెం తీసి, కడిగి, గూట్లో పెట్టి, "ఇక నాకు వండు," అన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అంటే, "ఒక జైలు చాలదా," అన్నాడు. అమ్మ, ఆయన, ఇద్దరూ వెళ్ళిపోతున్నారని నాకు తెలియదు. తెలిసి ఉంటే చూసేదాన్ని, ఏదో ఒకటి అనేదాన్ని, ఏదో ఒకటి వండేదాన్ని. ఎప్పుడూ అదే అనుకునేదాన్ని, ముందు తెలిస్తే బాగుండును, ముందు తెలిస్తే బాగుండును. ఇదిగో, తెలిసింది. గంట ముందు కాదు, రెండు రోజుల ముందు. డాక్టరు లెక్క కూడా చెప్పాడు, వారం, మహా అయితే పది రోజులు. తెలిసి ఏం చేస్తున్నాను? మళ్ళీ మూత వైపే చూస్తున్నాను.

పన్నెండూ ముప్ఫై అయిదు. కిటికీలోంచి పక్క భవనం వెనక గోడ, తుప్పు పట్టిన పైపులు, ఎవరిదో ఆరేసిన దుప్పటి. గ్యాస్ మీట చూశాను, సన్నగానే ఉంది. మళ్ళీ చూశాను. దొంగపని ఒకటి ఉంది, అదీ నాకు తెలుసు. తెల్ల అన్నాన్ని టీ నీళ్ళల్లో ఉడికిస్తే దంపుడు బియ్యంలా కనపడుతుంది. ఆపిల్ ముక్కల్ని నానబెట్టి, పిండి, చక్కెరపాకంలో ముంచితే ఆప్రికాట్లలా ఉంటాయి. ఎర్ర చీటీ వాళ్ళు నీలం చీటీ పళ్ళేలు చూసి బాధపడుతున్నారని మేమలా చేసి పంపేవాళ్ళం. జబ్బు పడిన మొదటి ఏడాది వాడికీ ఒకసారి చేశాను. వాడు స్పూనుతో తీసి కిటికీ దగ్గర వెలుగులో పట్టి చూశాడు. "ఒక్క కోటే పడిందక్కా. కింద తెలుపు కనపడుతోంది. మంచి పెయింటరు అయితే ఇంకోటి వేస్తాడు." అని, మొత్తం తిన్నాడు. ఇవాళ కూడా అలా చేస్తే ఈ వంటతో గుండె ఆగదు, ఇంకో రెండు రోజులు నిలుస్తాడు, బుధవారం మళ్ళీ మెషిన్ రోజు, ఆ లోగా మనసు మారుతుందేమో అని నిన్న కొట్టు ముందు నిలబడి అనుకున్నాను. ఆపిల్ కూడా చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ గుట్టలో పెట్టేశాను. సంతకం పెట్టేశాక బుధవారందాకా ఆ కుర్చీ ఉంచరని తెలుసు కదా. అదొక్కటే కారణమా, ఇంకేమన్నా ఉందా, నాకు తెలియదు.

మంట ఆపాను. పన్నెండూ యాభై. మీట తిరిగిన చప్పుడు వాడికి వినపడింది. "అయ్యిందా?" "మగ్గాలి, పది నిమిషాలు." "రావే ఒకసారి." కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళాను. కిటికీ పక్కన కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, పాదాలు రెండూ ఉబ్బిన రొట్టెల్లా. మొహం మట్టి రంగు. కానీ గడ్డం గీసుకున్నాడు. ఎప్పుడు గీసుకున్నాడో నేను వినలేదు. "ఒంటిగంటకేనా ఆ పిల్ల ఫోను?" అన్నాడు. "నీకెవరు చెప్పారు?" "ఆరేళ్ళు కూర్చున్నానక్కా అక్కడ. ఎవరి కుర్చీ ఎన్నింటిదాకా ఆపుతారో, ఎన్నింటికి ఎవరికి పోతుందో నాకు తెలియదా. నేను కూర్చున్నదీ అలా వచ్చిన కుర్చీయే కదా." కళ్ళల్లో నీళ్ళు ఎప్పటి నుంచి తిరుగుతున్నాయో, ఒకటి జారి చెంప మీదికి వచ్చేసింది. వాడు చూశాడు. చూపు తిప్పుకోలేదు. నలభై ఏళ్ళు గోడల్ని చూసిన చూపు, ఎక్కడ చెమ్మ ఉందో చెయ్యి వెయ్యకుండా చెప్పే చూపు. "నువ్వు ఏడిస్తే వెళ్తా. అది నీకూ తెలుసు. అందుకే అడుగుతున్నా," అన్నాడు నెమ్మదిగా. "ఏడుస్తున్నావా, ఉల్లిపాయలా?"

ఉల్లిపాయలు వేగి గంట కావస్తోంది. ఇల్లంతా ఆ వాసన, ఇద్దరికీ తెలుసు. ఫోను నా చేతిలోనే ఉంది, ఎప్పుడు తెచ్చుకున్నానో. ఒక్క మాట. అమ్మకి అనలేని మాట, ఆయనకి అనలేని మాట, వెళ్ళకు అన్న ఒక్క మాట, ఇదిగో నాలుక చివర ఉంది, అంటే చెల్లుతుంది, ఈ లోకంలో నా మాట చెల్లే మనిషి వీడొక్కడే. వాడు మొహంలో ఏమీ చూపించకుండా కూర్చున్నాడు, నాకోసం, నేను ఎటు అంటే అటు. అప్పుడు చూశాను వాడి చెయ్యి. కుర్చీ చేతిని పట్టుకుంది, వేళ్ళ కణుపులు తెల్లబడి. భయపడుతున్నాడు. నేను ఎక్కడ ఏడుస్తున్నానంటానో అని భయపడుతున్నాడు.

"ఉల్లిపాయలేరా," అన్నాను.

వేళ్ళు వదులయ్యాయి. "మరి ఘాటైనవే తెచ్చావు," అన్నాడు.

ఫోను మోగింది. వంటింట్లోకి వెళ్ళి, బ్యాంకు ఆకుపచ్చ గోడకి ఆనుకుని మాట్లాడాను. "పెద్దమ్మా, ఏమన్నారు?" "ఇచ్చేయమ్మా." అవతల మెషిన్ల కూత వినపడింది. "సరే పెద్దమ్మా. మీరు…" "ఎవరికి ఇస్తున్నారమ్మా?" "కొత్తగా ఒకామె. ఇవాళే మొదటిసారి." "ఆమె ఇంట్లో వంట ఎవరు చేస్తారో వాళ్ళకి చెప్పు తల్లీ. బంగాళాదుంపలు తరిగి, రెండు నీళ్ళు పారబోశాకే ఉడకబెట్టమను. ఉడికిన నీళ్ళు కూడా వాడొద్దను. చాలామందికి తెలియదు." "చెప్తాను," అంది ఆ పిల్ల.

మూత తీశాను. ఆవిరి మొహానికి కొట్టింది. మెతుకు విడివిడిగా ఉంది, పలుకు లేదు. ద్రాక్షలు నల్లగా మెరుస్తున్నాయి, తీపి పోనివి. వేయించిన గింజలు పైన చల్లి, అడుగు నుంచి ఒక్కసారి కలిపాను. పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. వాడు పళ్ళేన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు, రంగు చూడకుండా ఉండలేడు. "రెండు కోట్లు," అన్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. నాకున్న భయం ఇప్పుడు ఒక్కటే. ఇష్టం చీటీ పళ్ళేలు చాలామటుకు నిండుగానే వెనక్కి వచ్చేవి. అడిగేటప్పటికి ఇష్టం ఉంటుంది, వండి పంపేటప్పటికి మింగడం ఉండదు. వాటిని కడిగింది నేనే. ఇదీ అలాగే నా చేతికి వస్తే నేనేం చేయను. వాడు స్పూను నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. అక్రోటు ముక్క విరిగిన చప్పుడు వినపడింది. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. నన్ను చూశాడు.

"ఉప్పు," అన్నాడు.

"చాలలేదా?"

"వార్డు మొత్తానికీ వేశావే తల్లీ!" అని నవ్వాడు. కడుపులోంచి నవ్వాడు, దగ్గు వచ్చేదాకా, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. నవ్వుతూనే ఇంకో స్పూను పెట్టుకున్నాడు, ఇంకోటి. నేను పళ్ళెం లాక్కోబోయాను, మళ్ళీ వండుతాను ఉండరా అన్నాను. ఇవ్వలేదు. రెండు చేతులతో దగ్గరికి పెట్టుకున్నాడు, మూడేళ్ళప్పుడు పెట్టుకున్నట్టే. ఎనిమిది స్పూన్లు. నేను లెక్కపెట్టాను. తొమ్మిదోది ఆగి ఆగి తిన్నాడు. పళ్ళెం పక్కన పెట్టాడు, సగానికి పైనే ఖాళీ. "నోరు పిడచగట్టుకుపోతోంది. నీళ్ళివ్వు," అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి గూట్లోంచి గీత గ్లాసు తీశాను. ఎర్ర గీత దాకా పోశాను. రెండడుగులు వేసి ఆగాను. ఈ నీళ్ళు ఎటు వెళ్తాయో నాకు తెలుసు. పాదాల్లోకి వెళ్తాయి, తర్వాత మోకాళ్ళలోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆస్పత్రిలో ఉన్నదాన్ని, ఆ ఊపిరి ఎలా చప్పుడు చేస్తుందో కూడా తెలుసు. గ్లాసుని సింకులో పెట్టేశాను. గట్టు కింద నుంచి జగ్గు తీసి, కడిగి, కుళాయి కింద పెట్టి, అంచుదాకా నిండనిచ్చాను. రెండు చేతులా పట్టుకుని వెళ్ళాను, తొణికి నా పాదాల మీద పడుతోంది. పెద్ద గ్లాసులో పోసి ఇచ్చాను. ఎత్తి, గటగటా, గొంతు కదులుతుంటే, గడ్డం మీద నుంచి కారుతుంటే తాగాడు. ఆరేళ్ళ తర్వాత ఒక మనిషి నీళ్ళు తాగడం చూశాను. ఈసారి గిన్నె వైపు చూడలేదు, మూత వైపు చూడలేదు, వాడి మొహమే చూస్తూ నిలబడ్డాను.

గ్లాసు చాచాడు. పోశాను. మళ్ళీ చాచాడు.

పోశాను.